కాలవ నీళ్లు తాగిన హౌసింగ్

రావులపాలెం వైపు నుంచి లోడు పికప్పు గౌతమి వంతెన దిగుతుంటే, జొన్నాడలో నా షెడ్డు ముందు కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుని చెప్పేసేవాణ్ణి, పోయింది క్రౌనా, పీనియనా, బేరింగా, లేక డ్రైవరు బుర్రా అని. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా నా చెవి తప్పలేదు. కావాలంటే మా జంక్షన్‌లో ఎవర్నైనా అడగండి, ఇదే చెబుతారు. వాళ్లందరికీ చెప్పింది నేనే.

రెండేళ్ల కిందట షెడ్డు వేరేవాళ్లకి అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు వచ్చి ఏవో అడుగుతున్నారు. చెప్పిందే చెప్పలేక ఇలా రాస్తున్నాను. ఎన్ని బళ్లు బాగుచేశానో, ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు. వెనక హౌసింగ్ గురించి నాకు తెలిసింది కొంతా, తెలిసి కూడా చేసిన తప్పు ఒకటీ ఉంటాయి.

వెనక పొట్ట

పికప్పు వెనక వంగి చూడండి. రెండు చక్రాల మధ్య అడ్డంగా ఒక లావుపాటి ఇనుప గొట్టం, దాని నడుమ గుండ్రంగా ఒక పొట్ట కనిపిస్తాయి. మేం దాన్ని హౌసింగ్ అంటాం. ఇంజను దగ్గర్నుంచి వచ్చే పొడుగు షాఫ్టు ఆ పొట్టలో పీనియన్ అనే చిన్న పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. పీనియన్ వెళ్లి క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. అక్కణ్ణుంచి రెండు యాక్సిళ్లు చెరో చక్రానికీ పోతాయి. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఆ తేడాను సర్దేదే డిఫరెన్షియల్. ఇంతే సంగతి. ఇందులో మాయలు లేవు.

ఇంజను గురించి మాట్లాడమంటే టీ కొట్టులో ప్రతివాడూ మాట్లాడతాడు. ఈ పొట్టలో ఆయిల్ ఎప్పుడు మార్చారో అడిగితే మాత్రం ఓనరు డ్రైవరు వంక, డ్రైవరు ఆకాశం వంక చూస్తారు. టన్ను మోసే బండి మీద రెండు టన్నులు ఎక్కించి, కమాను పట్టీలకి ఇంకో రెండు పట్టీలు కలిపేసి, ఇక బండికి ఢోకా లేదనుకుంటారు. పట్టీలు బరువును ఆపుతాయి. లాగాల్సింది మాత్రం ఆ రెండు పళ్ల చక్రాలే.

శబ్దాల గురించి తెలిసింది చెబుతాను. యాక్సిలరేటర్ తొక్కితేనే ఊళపెట్టే బండిలో క్రౌనూ పీనియనూ ఒకదానికొకటి సరిగ్గా కూర్చోలేదని అనుమానించండి. తొక్కడం వదిలేశాక ఊళపెడితే పీనియన్ బేరింగు వదులైందేమో చూడండి. మలుపులోనే కటకటలాడితే లోపలి చిన్న గేర్లో, చక్రం బేరింగో. కదిలేటప్పుడు ఒక్కసారి ఠక్కుమంటే మొట్టమొదట ఆ పొడుగు షాఫ్టు చివర ఉండే క్రాసు జాయింటు చేత్తో ఊపి చూడండి. అది చూడకుండా హౌసింగ్ విప్పినవాడు మెకానిక్కే కాదు. నేను రెండుసార్లు విప్పాను.

సింధూరం

నాకు ఈ పని నేర్పింది రాజమండ్రిలో నూకరాజు మేస్త్రి. ఆయన షెడ్డులో పదకొండేళ్లున్నాను. మనిషి పొట్టి, మాట అంతకంటే పొట్టి. ఆంజనేయస్వామికి పూసే సింధూరమే కొని తెచ్చి, రెండు చుక్కల ఆయిల్‌తో రంగరించి క్రౌన్ పళ్లకి పూసేవాడు. తర్వాత చేత్తో మెల్లగా తిప్పేవాడు. పీనియన్ పన్ను తగిలిన చోట సింధూరం చెరిగి మచ్చ పడుతుంది. మచ్చ పన్ను నడుమ పడితే అమరిక కుదిరినట్టు. పైకో కిందికో, అంచుకో పోతే పీనియన్ వెనకున్న పల్చటి రేకు బిళ్లలు మార్చి మళ్లీ పూయాలి. మచ్చ నడుమకి వచ్చేదాకా నాలుగుసార్లయినా, ఏడుసార్లయినా విప్పి బిగించేవాడు. ఓనర్లు గడియారం చూసుకుంటూ నిలబడితే ఆయన సింధూరం చూసుకుంటూ కూర్చునేవాడు.

ఆయన పద్ధతి ఒకటి రాసిపెట్టుకోండి. హౌసింగ్ విప్పే ముందు ఆయిల్‌ను తెల్ల పింగాణీ పళ్లెంలోకి దింపి ఎండలో పెట్టి చూడాలి. నల్లగా చిక్కగా ఉంటే పాతబడింది. వెండి పొడి కలిపినట్టు మెరిస్తే లోపల ఇనుము అరుగుతోంది. పాలు ఎక్కువైన టీలా ఉంటే నీళ్లు కలిశాయి. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగుని తినేస్తుంది. బేరింగు పోతే పీనియన్ పక్కకి జరుగుతుంది, జరిగిన పీనియన్ క్రౌన్ పళ్లను కొరుకుతుంది. చివరికి పళ్లు విరిగి కనిపిస్తాయి గానీ రోగం మొదలైంది పళ్ల దగ్గర కాదు.

ఒకసారి నేను బండి విప్పకముందే ఫలానాది పోయిందని ఒక డ్రైవరుకి దర్జాగా చెప్పేశాను. నూకరాజు మేస్త్రి నా చేతిలో స్పానరు తీసుకుని గోడకున్న మేకుకి తగిలించాడు. వారం రోజులు నాకు పనివ్వలేదు. ఎనిమిదో రోజు స్పానరు ఇస్తూ, "ముందు ఆయిల్ చూడు. తర్వాత పళ్లు చూడు. ఆ తర్వాత మాట్లాడు," అన్నాడు. ఆ పదకొండేళ్లలో ఆయన నాతో అంత పెద్ద మాట ఇంకోటి మాట్లాడలేదు.

చెవి సంగతి

ఇక మొదట్లో చెప్పిన గొప్ప గురించి. వంతెన మీద బండి శబ్దం నా షెడ్డుకి వినపడదు. హైవే మీద లారీల హోరులో పక్కవాడు మాట్లాడితేనే వినపడదు. వంతెన దిగగానే పంక్చర్ షాపు పెట్టుకున్న వలీ నాకు స్నేహితుడు. బండి బాగోలేని డ్రైవరు మొదట అక్కడ ఆగి, చక్రం గాలి చూపించుకుంటూ తన బాధంతా వలీతో చెప్పుకునేవాడు. వలీ నాకు ఫోను చేసేవాడు. ఆ బండి నా షెడ్డు ముందు ఆగేటప్పటికి నేను కళ్లు మూసుకుని సిద్ధంగా ఉండేవాణ్ణి.

అసలు చెవి లేదని కాదు. పదింట్లో ఏడు శబ్దాలు పట్టగలిగేవాణ్ణి. ఆ ఏడింటికీ మామూలు పేరు వచ్చేది. మిగతా మూడూ వలీ పుణ్యమా అని కలిసి, మేస్త్రి చెవి తప్పదు అన్న పేరు వచ్చింది. ఆ పేరు వచ్చాక ఇబ్బంది ఏంటంటే, బండి తెచ్చిన ప్రతివాడూ నన్ను విప్పి చూడమనడం మానేసి, విని చెప్పమనడం మొదలుపెట్టాడు. నేను కూడా పళ్లెం ఎండలో పెట్టడం తగ్గించేశాను.

సత్తిబాబు తాళం

మండపేటలో ఎరువుల కొట్టున్న వెంకటరత్నం గారికి ఒక పికప్పు ఉండేది. దాన్ని తోలేది సత్తిబాబు. లంక గ్రామం మనిషి, అప్పటికి ముప్పై అయిదేళ్లుంటాయి. తెల్లవారాక కోనసీమలో చెరువుల దగ్గర రొయ్యలు ఎక్కించి, రాజమండ్రిలో దింపి, తిరుగు దారిలో కడియపులంక నర్సరీల్లో మొక్కలు ఎక్కించి తుని వైపు వెళ్లేవాడు. బండి ఒక్క పూట కూడా ఖాళీగా తిరగకూడదన్నది షావుకారుగారి లెక్క.

ఆ బండి హౌసింగ్ ఒకసారి వేరేచోట బాగుచేయించారు. ఏడాది తిరక్కుండా మళ్లీ పోయింది. ఈసారి నా దగ్గరికి లాక్కొచ్చారు. వెంకటరత్నం గారు స్వయంగా వచ్చారు. ఇది గనక డ్రైవరు తోలడం వల్ల పోయిందని తేలితే సత్తిబాబు తాళం ఇచ్చేసి పోవాలని ముందే చెప్పి తెచ్చారట. ఆ సంగతి నాకు తెలుసు. షెడ్డులో ఉన్న మిగతా నలుగురు డ్రైవర్లకీ తెలుసు.

వెనక చక్రాలు జాకీ మీద లేపి, గేరులో వేయించి, స్క్రూడ్రైవరు కొన హౌసింగ్ మీద, పిడి నా చెవి మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. లోపల అంతా గందరగోళంగా ఉంది. ఆ శబ్దం విని ఎవరైనా చెప్పగలిగేది ఏదో విరిగిందని మాత్రమే. కాని షావుకారుగారు, "ఏవంటోందండి మేస్త్రిగారూ మీ చెవి?" అని అడిగారు. నలుగురూ చూస్తున్నారు.

"క్లచ్ మీద కొడుతున్నాడండి," అన్నాను.

అంటే, క్లచ్ తొక్కిపెట్టి ఇంజను రేపి ఒక్కసారిగా వదిలేసి బండిని ఎగదూకించడం. లోడు మీద అలా చేస్తే క్రౌన్ పళ్లు విరుగుతాయి. మా పనిలో డ్రైవరును అనగలిగే పెద్ద మాట అదే. మేస్త్రి ఒకసారి అంటే ఇక ఓనర్లెవరూ వేరే సాక్ష్యం అడగరు.

సత్తిబాబు, "లేదండి. నేనలా తోలనండి," అన్నాడు.

హౌసింగ్ విప్పాను. ఆయిల్ చాలా మటుకు దారిలోనే కారిపోయింది. అడుగున మిగిలిన కాస్తా మసిలా ఉంది, దాన్ని బట్టి ఏమీ తెలియలేదు. క్రౌన్‌కి రెండు పళ్లు విరిగి ఉన్నాయి, పీనియన్ బేరింగు ముక్కలైంది. విరిగిన పళ్లు అరచేతిలో పెట్టి షావుకారుగారికి చూపించాను. ఆయన సత్తిబాబు వైపు చూశారు. సత్తిబాబు చొక్కా జేబులోంచి తాళం తీసి నా బల్ల మీద పెట్టి, బస్సు ఎక్కడానికి జంక్షన్ వైపు నడిచి వెళ్లిపోయాడు.

తర్వాత నాలుగు నెలలు మా చుట్టుపక్కల ఎవరూ అతనికి స్టీరింగ్ ఇవ్వలేదు. మండపేటలో అడిగాడట, ఆలమూరులో అడిగాడట. అందరికీ నా మాట ముందే చేరిపోయింది. చివరికి కడియపులంకలో మొక్కల సంచులు ఎత్తే జట్టులో చేరాడు. తను తోలిన బండి రోజూ అక్కడికే వచ్చేది. దానిలోకి వేరేవాడి కోసం మొక్కలు ఎత్తి పెట్టేవాడు.

రేవులో

ఆ నాలుగు నెలల తర్వాత అదే బండి అదే రోగంతో నా షెడ్డుకి వచ్చింది. ఈసారి తోలేది ఇరవయ్యేళ్లు బస్సు నడిపి మానేసిన పెద్దాయన. ఆయన బండి కదిలిస్తే లోపల గ్లాసులో నీళ్లు కూడా కదలవని పేరు. ఆయన్ని పట్టుకుని క్లచ్ మీద కొట్టాడని నేనంటే నన్నే కొడతారు. అందుకని ఎన్నాళ్ల తర్వాతో పింగాణీ పళ్లెం తీసి ఆయిల్ దింపాను. పాలు ఎక్కువైన టీ. వేలితో రుద్దితే జిగురు లేదు.

నీళ్లు ఎక్కడివని అడిగాను. ఆ ఏడు వరదలు లేవు. పెద్దాయనకి తెలియదు. రోజూ శుభ్రంగా కడుగుతామని మాత్రం చెప్పాడు. ఎక్కడంటే కాలవలో. ఎప్పుడంటే రాజమండ్రిలో రొయ్యలు దింపి రాగానే.

బండి బాగుచేసి పంపిన మూడో రోజు పదకొండు గంటలకి స్కూటరు మీద కడియం దగ్గర కాలవ రేవుకి వెళ్లి కూర్చున్నాను. పికప్పు హైవే దిగి సరాసరి వెనక్కి రేవులోకి వచ్చింది. వెనక చక్రాలు సగం మునిగేదాకా దించి ఆపేశారు. రొయ్యల ఐసు కరిగిన ఉప్పు నీళ్లు బండిలో ఉంటే నర్సరీవాళ్లు మొక్కలు ఎక్కించనివ్వరు. ఉప్పు తగిలితే వేర్లు మాడతాయి. అందుకని ముందు కాలవలో దించి బాగా తడపాలి. ఇది మా ప్రాంతంలో రొయ్యలూ మొక్కలూ ఒకే బండి మీద తోలే ప్రతివాడూ చేసే పనే.

అంతదూరం నడిచిన హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. వేడి అన్నం పెట్టి క్యారేజీ మూత బిగిస్తే, చల్లారాక ఆ మూత ఊడి రాదు. లోపలి గాలి ముడుచుకుని మూతను లోపలికి లాగుతుంది. ఇక్కడా అంతే. వేడి పొట్ట చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, ఆయిల్ కారకుండా బిగించిన రబ్బరు సీళ్ల సందుల్లోంచి కాలవ నీళ్లను పీల్చుకుంటుంది. గుక్కెడు నీళ్లే. కాని రోజుకో గుక్కెడు.

అలా కాకుండా గాలి పీల్చుకోవడానికి హౌసింగ్ మీద బ్రీదర్ అని చిన్న మూతలాంటిది ఉంటుంది. బండి కిందికి దూరి చూశాను. అది నల్ల తారు రంగుతో మూసుకుపోయి ఉంది. ఉప్పు నీళ్లకి ఇనుము తుప్పు పట్టకుండా బండి అడుగున ఆ రంగు కొట్టిస్తారు. హౌసింగ్ మొదటిసారి పోకముందే ఈ బండికి ఆ రంగు కొట్టింది నా షెడ్డులోనే. దగ్గరుండి కొట్టించింది నేనే. ఇది ఎవరూ పట్టుకోలేదు, నేనే చెబుతున్నాను.

షావుకారుగారి కొట్టు

మర్నాడు మండపేట వెళ్లాను. కొట్టులో ఎరువుల కోసం వచ్చిన రైతులు ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనుకున్నాను గానీ ఆగితే చెప్పనని నాకు తెలుసు. నిలబడే చెప్పాను. తోలడంలో తప్పు లేదు, వేడి బండిని నీళ్లలో దించడం వల్ల పోయింది, సత్తిబాబు విషయంలో నా మాట తప్పు అని.

వెంకటరత్నం గారు తూకం వేస్తున్న చెయ్యి ఆపారు. "రాగానే కాలవలో దించమని చెప్పింది నేనే కదండీ," అన్నారు మెల్లగా. "మరి ఆ రోజు అంత గట్టిగా ఎలా చెప్పారండి?" అని అడిగారు.

చెవి పొరబడిందండీ అన్నాను.

షావుకారుగారు ఆ సాయంత్రమే సత్తిబాబుకి కబురు పంపారు. పెద్దాయనకి ఎలాగూ ఎండలో తిరగడం పడటం లేదట, సంతోషంగా తాళం ఇచ్చేశాడు. సత్తిబాబు మొదటి ట్రిప్పుకి ముందే బండి నా షెడ్డుకి తెచ్చాడు. బ్రీదర్ రంగు గీకేసి, దానికి రబ్బరు గొట్టం తగిలించి, నీళ్లు అందనంత ఎత్తున బాడీకి కట్టాను. కడగడం గట్టు మీదే, బక్కెట్లతో. నీళ్లలో దించక తప్పదంటే గంటసేపు చల్లారనిచ్చాక. ఆ బండి హౌసింగ్ ఆ తర్వాత ఆరేళ్లు విప్పే పని పడలేదు. మీరూ ఇవే చేయండి. ఇంకేవీ గుర్తుండకపోయినా ఈ గొట్టం గుర్తుంచుకోండి.

కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఏంటంటే, మన నోట్లోంచి వచ్చిన మాట ఒక మనిషి చేతిలోంచి స్టీరింగ్ లాగేస్తుంది. తెలియనప్పుడు తెలియదనండి. విప్పాక చూసి చెబుతాననండి. నేను తెలియక పొరబడ్డాను, తెలిసిన రోజున వెళ్లి చెప్పాను.

ఇక్కడిదాకా రాసి, పోయిన వారం సత్తిబాబుని పిలిచి చదివి వినిపించాను. ఇప్పుడతనికి సొంత పికప్పు ఉంది. చివరిదాకా అడ్డు రాకుండా విన్నాడు. మంచినీళ్లు తాగాడు. ఎలా ఉందయ్యా అన్నాను.

"ఆయ్, బాగుందండి," అన్నాడు. "మీరు కొట్టుకెళ్లి చెప్పారు, అది నిజవేనండి. మండపేటలో అందరూ అన్నారు. ఒక్కచోట తప్పు రాశారు."

ఎక్కడ అన్నాను.

"ఆయిల్ దారిలో కారిపోలేదండి. కింద ట్రే పట్టుకున్నది నేనే కదా. సగానికి పైగా నిండింది, అచ్చం పాలు ఎక్కువైన టీలాగే ఉంది. మీరు వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య రుద్ది చూశారు. నా మొహం చూశారు. ఆ తర్వాత షావుకారుగారి మొహం చూశారు. వేళ్లు గుడ్డకి తుడుచుకుని, ట్రే అవతల పారబోసి రమ్మన్నారు నన్ను. కాలవ సంగతి మీకు తర్వాత తెలిసుంటుందండి. నీళ్లు కలిశాయని ఆ రోజే తెలుసు మీకు."